చేతులు ఒళ్లో పెట్టుకున్న మెంటరు

నాకు ఓపిక తక్కువ. మెంటర్లకు శిక్షణ ఇచ్చే పనికి నన్నెవరు ఎంపిక చేశారో గానీ, బుక్కరాయసముద్రం బడిలో రెండో రోజుకే నా గొంతు బొంగురుపోయింది. పల్లెల్లో పిల్లలు ట్యాబుల్లో పాఠాలు నేర్చుకుంటుంటే పక్కనుండి సాయపడాల్సిన ఆడవాళ్లు వీళ్లంతా. ముఖ్యమైన నియమం ఒక్కటే: పిల్లల ట్యాబు మీద మెంటరు వేలు పడకూడదు. ఒక్కరు వింటే ఒట్టు. పిల్ల తడబడితే చాలు, లాక్కుని వీళ్లే నొక్కేస్తున్నారు.

అందరికంటే ముందు లాక్కునేది ఈశ్వరి. పామిడి దగ్గర మా ఊరిదే, మా వీధి పిల్లే, నాకంటే చిన్నది. పదో తరగతిలో లెక్కలు తప్పిందని వాళ్ల నాయన బడి మాన్పించి చేనికి పంపాడు. పది తప్పిన మనిషికి ఈ పని ఎలా ఇస్తామని పై అధికారి దివాకర్ సారు నసిగితే నేనే పట్టుబట్టాను. సాయంత్రం ఆయన ముందు పాఠం నడిపి చూపించాలి. అక్కడ చెయ్యి పెట్టిందంటే ఆ పని ఇంకొకరికి పోతుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నిలదీశాను.

"ఏమ్మా, నీ చేతులేమన్నా దురద పెడతాండాయా? ఆ పాప చేతిలోది ఎందుకు గుంజుకుంటాండావు?"

"చెడిపోతాదని భయమక్కా. మనూర్లో కొత్త సామాను పిల్లోల్ల చేతికి యాడన్నా ఇస్తారా? మా ఇంట్లో టీవీ రిమోటుకు ఇప్పటికీ కవరు తీయలే."

నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. అంతలో మా అవ్వ గుర్తొచ్చింది.

"శెనక్కాయలు ఒలిచేది గుర్తుండాదా నీకు?" అన్నాను.

గుర్తులేకేం. మబ్బు కనబడిందంటే మా అరుగు మీదికి వీధంతా చేరేది. విత్తనానికి కాయలు ఒలవాలి. ఇప్పుడు మిషన్లు వచ్చి ఆ ముచ్చట లేకుండా చేశాయి గానీ, అప్పట్లో మా బొటనవేళ్లు వాచిపోయేవి. గింజ పగిలితే మొలవదు. ఆ కరువు రోజుల్లో గింజంటే ప్రాణం. అయినా మా అవ్వ ఏ పిల్ల చేతిలోంచీ కాయ గుంజుకోలేదు. పగిలిన గింజ ఒలిచిన పిల్లదే, నోట్లో వేసుకోవాల్సిందే. అది మా వీధి ఆచారం. ఆ తీపి, ఆ పరాచికాలు, గాలికి లేచి జుట్టులో చిక్కుకునే పొట్టు... ఎంత బాగుండేవి ఆ రోజులు. రమ్మంటే వస్తాయా మళ్లీ?

"పగిలిందా, తినేయ్. ఇంగోటి తీస్కో," అంది ఈశ్వరి అచ్చం అవ్వ గొంతుతోనే. "నేను కావాలనే పగలగొడుతుంటి లేక్కా."

సాయంత్రం దివాకర్ సారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మూడో తరగతి అంజలి ట్యాబు పట్టుకుంది. భాగహారం లెక్క. పాప తప్పు అంకె నొక్కింది. ఎర్ర గుర్తు పడింది. ఈశ్వరి కుడిచెయ్యి లేచింది. ఆమె ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లోకి లాక్కుంది.

"ఏం గాదులే పాపా. యాడ తప్పు పోయిందో నువ్వే చూడు. మళ్లా చేయ్."

అంజలి మళ్లీ తప్పింది. సారు గడియారం చూసుకున్నారు. ఈశ్వరి పెదవి కొరుక్కుంటూ అలాగే కూర్చుంది. పాప వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది, నేలమీద ఏదో గీసుకుంది, చివరికి నొక్కింది. ఈసారి పచ్చ గుర్తు పడింది. సారు మెంటర్ల జాబితాలో ఈశ్వరి పేరు రాసుకున్నారు.

బయటికి వచ్చాక సంబరపడుతుందనుకున్నాను. అనంతపురం బస్సు వచ్చి ఆగినా ఎక్కకుండా నిలబడింది.

"అక్కా, ఆ లెక్కల పరీక్షకు ఇప్పుడు కట్టనిస్తారా? అప్పుడు నన్ను మళ్లా రాయమని ఎవురూ అన్లేదు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "కట్టనిస్తారు. ఎవురు కాదంటారో నేనూ చూస్తా," అన్నాను.

బస్సు వెళ్లిపోయింది. మేమిద్దరం తర్వాతి బస్సుకు పోయాం.