ఒడ్డున నిలబడే హక్కు

శుక్రవారం సాయంత్రం ఐదులోపు చేయాల్సినవి నోటుబుక్కులో రాసుకున్నాను.

నీళ్లొచ్చే రోజు, రెండు డ్రమ్ములూ నింపాలి.
అమ్మకు మోకాళ్ల నొప్పి మాత్రలు కొనాలి.
పొద్దున్నే జంగ్లీఘాట్ వెళ్లి అమ్మ బదులు చేపల గంప తేవాలి.
ఆఫీసులో మిగిలిన వినతులన్నీ పూర్తి చేయాలి.

నాలుగూ చేశాను. నాలుగోది ఎలా చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో బతు బస్తీ. మా అమ్మ బుల్లమ్మ శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ చేపలమ్మి నన్ను పెంచింది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే. డెలానీపూర్‌లో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆఫ్రికాలో ఒక దేశం పని. పేరు చెప్పనని సంతకం పెట్టాను కాబట్టి చెప్పను. అక్కడ ఏళ్ల తరబడి యుద్ధం జరిగితే బయటి దేశాల సైన్యాలు వచ్చి ఆపాయి. కొత్త రాజ్యాంగం రాసుకోమని ఆ బయటి దేశాలే నిపుణులను పంపాయి, గడువూ పెట్టాయి. ఊరూరా జనం చెప్పిన కోరికలు ఇంగ్లీషులోకి మారి మా కంప్యూటర్లకు వచ్చేవి. ఒక్కోటి చదివి ఇరవై ఏడు గడుల్లో ఏదో ఒకదానిలో వేయాలి. భూమి, భాష, పోలీసులు, భర్త పోయిన స్త్రీల ఆస్తి హక్కు, ఇలా. ఆ గడులు చేసినవాళ్లు యూరప్‌లో ఉంటారు. చివరిది ‘రాజ్యాంగ పరిధిలోకి రానివి’. అందులో వేసినదాన్ని ఇంకెవరూ చదవరు.

గురువారం మధ్యాహ్నం ఒక నది ఒడ్డు జిల్లా నుంచి ఒక ఆడమనిషి చెప్పిన వినతి వచ్చింది.

“ఒక పడవలో వాటా ఉన్న ముగ్గురిలో నా భర్త ఒకడు. యుద్ధంలో చంపేశారు. మా నది మీద మనిషి పోయినా అతని వాటా పోదు. భార్య ఒడ్డున నిలబడితే చాలు, చేపలు వేసేవారు. ఇప్పుడు పడవలు కొత్తవాళ్ల చేతికి వెళ్లాయి. ఒడ్డున నిలబడితే తరిమేస్తున్నారు. నేను నిలబడే హక్కు పెద్ద చట్టంలో రాయండి. నా పేరు కూడా రాయండి. పేరు లేకపోతే ఎవరో అడిగారులే అనుకుంటారు. నా పేరు ఆయెన్.”

మా సూపర్‌వైజర్ గోపినాథ్ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు. నా భుజం మీదుగా చదివి నవ్వాడు.

“అరే లహరీ, ఇది కాన్‌స్టిట్యూషనా, మచ్ఛీ మార్కెట్టా? సత్తాయీస్ మే డాల్ దో. ఇంకా చాలా బాకీ ఉన్నాయి.”

“అవును భయ్యా, చేపల గొడవ,” అని నేనూ నవ్వాను. ఇరవై ఏడులో వేశాను.

మర్నాడు పొద్దున్న జంగ్లీఘాట్ వెళ్లాను. నాన్నతో కలిసి వేటకెళ్లిన సూరయ్య మావ డింగీ పడవ అప్పుడే వచ్చింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు నాన్న ఆ డింగీ మీద నుంచే సముద్రంలో పడి చనిపోయాడు. మావ రెండు కోనాం చేపలు తీసి మా గంపలో వేశాడు.

“నువ్వొచ్చావేటే? సదువుకున్న సేతులు, జాగర్త, కంపు కొడతాయి.”

“నాకు ఉద్యోగం వచ్చిందిగా మావా, ఇంకా ఎందుకు ఇవి?”

“నీ ఉద్యోగం నీది. ఇది మీ నాన్నది. ఆడి వాటా ఆపడానికి నానెవుడ్నే? మీ యమ్మ ఒడ్డు మీద నిలబడినంత కాలం ఏస్తాను.”

గంప ఎత్తుకోబోయి ఆగిపోయాను. ఆయెన్ అడిగింది ఇదే. ఈ వాటా తిని పెరిగినదాన్ని, ఈ వాటాతోనే చదువుకున్నదాన్ని. కాలేజీలో ఎవరైనా అడిగితే మా అమ్మ వ్యాపారం చేస్తుందనేదాన్ని. ఒడ్డున నిలబడుతుందని ఒక్కరికీ చెప్పలేదు. ఆ ఆఫీసులో ఆ కాగితం అర్థం కావలసింది నాకొక్కదానికే.

ఆఫీసుకు పరిగెత్తాను. ఐదు దాకా గడి మార్చుకోవచ్చు, కాకపోతే కారణం రాయాలి. రాశాను: ‘ఇది చేపల గొడవ కాదు. భర్త పోయిన స్త్రీ ఆస్తి హక్కు. మా కులంలోనూ ఈ ఆచారం ఉంది. మా అమ్మ’

అక్కడిదాకా వచ్చేసరికి గోపినాథ్ కుర్చీ జరుపుకుని వచ్చాడు.

“క్యా లిఖ్ రహీ హో? ఎవరి అమ్మ?”

“ఏం లేదు భయ్యా.”

మొత్తం చెరిపేశాను. తర్వాత రాద్దామనుకున్నాను. మిగిలిన వినతులు చేస్తూ కూర్చున్నాను. గోపినాథ్ రెండుసార్లు టీకి కూడా వెళ్లాడు. అయినా రాయలేదు. ఐదింటికి పోర్టల్ మూసేశారు.

రెండు నెలలకు నిపుణుల నివేదిక వచ్చింది. నేను వెతికింది ఒక్క జిల్లా కోసమే. అక్కడ ఇలా ఉంది: ‘ఈ జిల్లా స్త్రీల నుంచి ఆస్తి హక్కుపై వినతులేవీ రాలేదు.’

జరిగింది జరిగినట్టు రాసి మా ఆఫీసు నడిపే కంపెనీకి మెయిల్ పెట్టాను. ఈసారి మా అమ్మ సంగతి కూడా రాశాను. రెండు వాక్యాల జవాబు వచ్చింది. మీ శ్రద్ధకు ధన్యవాదాలు. ప్రజాభిప్రాయ దశ ముగిసింది.

ఆ సాయంత్రం అమ్మ చేపలు తోముతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తోమడం ఆపలేదు.

“నవ్వేవా?”

“నవ్వాను.”

“నా గురించి రాసి సెరిపేసేవా?”

“చెరిపేశాను.”

అమ్మ చేపను తిప్పి రెండోవైపు తోమింది.

“మీ నాన్న పోయిన కొత్తలో నానూ సిగ్గుపడ్డాన్లే ఆ ఒడ్డున. తల మీద కొంగేసుకుని నిలబడేదాన్ని. ఆవిడకి సిగ్గు లేదు సూడు, అంతమంది కాడ అడిగింది. ఏటన్నావ్ పేరు?”

“ఆయెన్.”

“ఆయెను,” అంది అమ్మ. ఇంకోసారి అనుకుంది.

ఆ నది ఎక్కడుందో పటంలో చూశాను. అక్కడికి నేను వెళ్లలేను, ఆ నివేదికను మార్చలేను. ఆమె అడిగినవి రెండు. మొదటిది పోగొట్టింది నేను. రెండోది పేరు. దేశం పేరు చెప్పనని సంతకం పెట్టాను గానీ ఆమె పేరు చెప్పనని ఎక్కడా పెట్టలేదు. ఇది చదివిన మీరు నన్ను మరిచిపోయినా ఫరవాలేదు. భర్త వాటా కోసం నది ఒడ్డున నిలబడనివ్వమని అడిగిన మనిషి ఒకావిడ ఉంది. ఎవరో అడిగారులే అనుకోకండి. ఆమె పేరు ఆయెన్. దయచేసి గుర్తుపెట్టుకోండి.