తొమ్మిదో మనిషి

ఆశన్న కాలితో పెడల్ నొక్కాడు. పుస్తకం మీది గాజుపలక పైకి లేచింది. చూపుడువేలితో కాగితం మూల ఎత్తి, రెండో అరచేత్తో పసిపిల్లను తిప్పినంత మెల్లగా తిప్పాడు. మళ్ళీ నొక్కాడు. పలక దిగింది, పైనున్న కెమెరాలు టిక్కుమన్నాయి. పాత కాగితం లోంచి కలరా ఉండల వాసన వస్తోంది.

దుబాయ్ పక్కన అజ్మాన్‌లో, టైర్ల గోడౌనుకూ ఐసు ఫ్యాక్టరీకీ నడుమ ఉన్న షెడ్డు అది. ఎక్కడెక్కడి లైబ్రరీల పుస్తకాలో పెట్టెల్లో వస్తాయి, ఫోటోలు తీయించుకుని వెళ్ళిపోతాయి. ఆశన్నకు యాభై దాటాయి. ఎండుకట్టెలాంటి మనిషి. ముంజేతుల మీద సిమెంటు కొరికిన మచ్చలు ఇంకా తెల్లగా కనబడతాయి. కట్టడాల మీద వెన్ను దెబ్బతిన్నాక ఈ పనిలోకి వచ్చాడు. చదువు రాదు. చదవలేనివాడి చెయ్యి పేజీ మీద ఆగిపోదని మేనేజరు ఏరికోరి పెట్టుకున్నాడు.

ఆశన్న ఎవరినీ నమ్మడు. మొదటిసారి దుబాయ్ వచ్చినప్పుడు ఏజెంటు తోటపని అని చెప్పి ఎడారిలో ఒంటెల దొడ్డికి పంపాడు. అక్కడున్నన్నాళ్ళూ మాట్లాడటానికి మనిషి లేడు. తిరిగి వెళ్ళేసరికి ఊళ్ళో అతను చచ్చిపోయాడన్న మాట పుట్టి ఉంది. అది పుట్టించినవాడు సొంత తమ్ముడు. అప్పటినుంచి ఎవరైనా నవ్వితే తన మీదే అనుకుంటాడు. ఒకరి గ్లాసులో నీళ్ళు తాగడు, ఒకరి దిండు మీద తల పెట్టడు. పెట్టె తాళంచెవి మొలతాడుకే ఉంటుంది. భార్య భూమవ్వ ఫోనులో "అందరం మంచిగనే ఉన్నం" అంటే, ఏం దాస్తోందా అని రాత్రంతా దొర్లుతాడు.

ఇవాళ పొద్దున్నుంచీ అతని మనసులో తిరుగుతున్నది ప్రమోద్. ఆర్మూరు వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి. ఉమ్ అల్ క్వైన్‌లో ఒక కంపెనీ నుంచి చెప్పకుండా వచ్చేశాడు. పాస్‌పోర్టు అక్కడే ఉండిపోయింది. చలికాలం నుంచీ వీళ్ళ గదిలో వండిపెడుతూ, ఆశన్న మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంటాడు. మంచాలు ఎనిమిది. ప్రమోద్ తొమ్మిదోవాడు. పగలంతా గదిలో ఒక్కడే ఏం చేస్తాడు? ఫోను పట్టుకుని బాల్కనీలోకి ఎందుకు పోతాడు? నిన్న పెట్టె కొంచెం పక్కకు జరిగినట్టు ఆశన్నకు అనిపించింది.

పొద్దున బస్సు ఎక్కబోతుంటే బిల్డింగుకు కాపలా ఉండే నాతూర్ హయాత్ బాషా భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్ళాడు. రాయచోటి మనిషి.

"సాయంత్రం ఆఫీసాయన వస్తాండాడు అన్నా. మనుషుల్ని లెక్క పెడతారంట. పరాయోడు దొరికితే రూమంతా ఖాళీ చేయిస్తారు. మీ రూములో ఎవుడన్నా ఉంటే నా చెవిన ఎయ్యి. నీ మంచానికి నాది పూచీ."

ఆశన్న భుజం విడిపించుకున్నాడు. బస్సు ఎక్కాడు.

మధ్యాహ్నం సూపర్‌వైజరు సత్యప్రసాద్ వచ్చి స్క్రీను మీద బొమ్మలు సరిచూస్తూ ఒకచోట ఆగాడు. భీమవరం కుర్రవాడు. ఆశన్నను బాబాయ్ అంటాడు.

"ఇది ఏం పుస్తకమో తెలుసా బాబాయ్? నూట నలభై ఏళ్ళ కిందట తెల్లోళ్ళు మన దేశంలో జనాన్ని లెక్కపెట్టించిన పుస్తకం. నిజాం రాజ్యం కూడా ఉంది. ఇదిగో, ఎలగందుల జిల్లా. మీ వైపే కదా?"

ఆశన్న వంగి చూశాడు. చీమల బారుల్లాంటి అంకెలు.

"మా తాతల పేర్లున్నయా సారు?"

"పేర్లుండవు. మగవాళ్ళు ఇంతమంది, ఆడవాళ్ళు ఇంతమంది, గుడ్డివాళ్ళు ఇంతమంది. అంతే."

"పేర్లు లేకుంటనే మంచిగయింది." అంకెల వైపే చూస్తూ అడిగాడు. "ఎందుకు లెక్కవెట్టిన్రు? పన్నులేసెటందుకేనా?"

సత్యప్రసాద్ నవ్వాడు. "అప్పటి జనమూ అలాగే అనుకున్నారంట. పన్నులేస్తారని, యుద్ధానికి పట్టుకెళ్తారని. కొందరు పిల్లల్ని లోపల దాచేసి, ఇంట్లో ఎవరూ లేరని చెప్పారంట."

"మరి గా దాసిపెట్టినోళ్ళు ఏమయిన్రు?"

"ఏమవుతారు బాబాయ్? లెక్కలోకి రాలేదు. వాళ్ళ బతుకు వాళ్ళు బతికుంటారు."

ఆశన్న ఆ పేజీ తిప్పడానికి కొంచెం ఆలస్యం చేశాడు. చచ్చిపోయాడని ఊరు తనను లెక్కలోంచి తీసేసిన రోజుల్లో తను ఒంటెలకు నీళ్ళు తోడుతూ బతికే ఉన్నాడు. తరువాత పెడల్ నొక్కాడు.

సాయంత్రం బస్సు దిగేసరికి మెట్ల దగ్గర హయాత్ బాషా ఉన్నాడు. పక్కన తెల్లచొక్కా మనిషి, చేతిలో ట్యాబ్.

"రా అన్నా, మీ రూము నుంచే మొదలు పెడదాం" అన్నాడు హయాత్ బాషా గట్టిగా. ఆశన్న ముందు, వాళ్ళు వెనక మెట్లెక్కారు. వంటగదిలోంచి తాలింపు వాసన వస్తోంది. లోపలున్న ప్రమోద్‌కు వినబడాలని ఆశన్న రెండుసార్లు దగ్గాడు.

గదిలో అందరూ ఎవరి మంచం మీద వాళ్ళు కూర్చున్నారు. టాక్సీ నడిపే సిలాస్ మాత్రం పై మంచంలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తెల్లచొక్కా మనిషి ఒక్కొక్కరి కార్డు చూసి, వేలితో ట్యాబ్ మీద కొట్టుకుంటూ వచ్చాడు. ఆశన్న మంచం దగ్గర ఆగి, కిందున్న చాప చుట్టనూ దిండునూ కాలితో కదిపాడు.

"యే కిస్‌కా హై?" ఎవరిదని అడిగాడు.

హయాత్ బాషా ఆశన్న వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. ఒక్క మాట చెబితే చాలు. మంచం ఉంటుంది, పెట్టె భద్రంగా ఉంటుంది.

"మేరా," అన్నాడు ఆశన్న. "నడుము నొప్పి. మంచం మీద నిద్ర వట్టదు. కిందనే పండుకుంట."

హయాత్ బాషా దాన్ని హిందీలో చెప్పాడు. తెల్లచొక్కా మనిషి నమ్మలేదు. పడుకుని చూపించమన్నట్టు నేలవైపు చెయ్యి ఊపాడు.

ఆశన్న చాప పరిచాడు. మోకాళ్ళ మీద వంగి, ఒక చెయ్యి ఆనించి, మెల్లగా వెల్లకిలా పడుకున్నాడు. ప్రమోద్ దిండు మీద తల పెట్టాడు. కొబ్బరినూనె, చెమట కలిసిన వాసన. కింద నుంచి చూస్తే తన మంచం అడుగు, ఎప్పుడూ చూడని ఇనుప జాలీ, దాని కింద తన పెట్టె కనబడ్డాయి. పెట్టెకు గోడ చెమ్మ తగలకుండా ఎవరో వెనకవైపు పాత లుంగీ గుడ్డ దోపి ఉంచారు. అందుకే అది జరిగినట్టుందని ఇప్పుడు అర్థమైంది.

"ఆఠ్," అని ఎనిమిది లెక్క తేల్చాడు తెల్లచొక్కా మనిషి, ట్యాబ్ మీద కొట్టి. ఇద్దరూ పక్క గదికి వెళ్ళారు. గడప దాటబోతూ హయాత్ బాషా వెనక్కి తిరిగి ఆశన్నను ఒకసారి చూశాడు.

ఆశన్న లేచి, నడుము పట్టుకుని, వంటగది వైపు పిలిచాడు. "ప్రమోద్. పోయిన్రు, రా."

సిలాస్ పై మంచం నుంచి దిగాడు.

"లేడు బాబాయ్. పొద్దున నువ్వు నాతూర్‌తో మాట్లాడటం బాల్కనీలోంచి చూశాడంట. రోజంతా అన్నం ముట్టలేదంట. ఇందాక వాళ్ళను వెంటబెట్టుకుని నువ్వు మెట్లెక్కుతుంటే, 'ఆశన్న చెప్పేసిండు' అని వెనక తలుపులోంచి దిగిపోయాడు."

"నేను చెప్పలే."

"నాకు తెలుసు. ఇందాక చెవులారా విన్నాను కదా."

ఆశన్న ఫోను తీసి చేశాడు. స్విచ్చాఫ్. మళ్ళీ చేశాడు. ఎటు పోతాడో, ఎవరి గదికి పోతాడో ఊహించడానికి కూడా అతని గురించి తనకేమీ తెలియదని అప్పుడు తట్టింది. ఒక్క గదిలో పడుకుంటూ ఏనాడూ అతని ఇంటి సంగతి అడగలేదు. అడిగితే తనది చెప్పాల్సి వస్తుందని అడగలేదు.

వెనక తలుపు తెరిచే ఉంది. కింద సందులో ఆపి ఉన్న లారీలు, వాటి మధ్య ఎవరూ లేరు. ఆశన్న చాలాసేపు చూసి, వంటగదిలోకి వెళ్ళాడు. పొయ్యి మీద పప్పుచారు కాగుతోంది. మంట సన్నగా తగ్గించి ఉంది. పొంగిపోకుండా గిన్నె మీద గరిటె అడ్డంగా పెట్టి ఉంది.