నలభై మీటర్ల మంట

మీరే పొడిగించారు. మేనేజరుగారూ, వెనకే సంతకాలు గీకిన ఐదుగురు పెద్దమనుషులూ, ట్యాంకు ఆవిరి పోయే ఆ గొట్టం దానంతటదే పెరిగిందని చెప్పకండి. మీరు సంతకం పెట్టిన ప్రతి ఉదయం అది ఒక మీటరు పెరుగుతుంది.

ఇట్టే అంటుకునే సాల్వెంటు ట్యాంకుకి ఫ్లేమ్ అరెస్టర్ ఎంపిక చేసిన ఇంజనీరు మంగవేణి. ముడతలు పెట్టిన ఉక్కు రేకు చుట్ట అది. వెంట్రుకంత సందుల్లోంచి ట్యాంకు ఆవిరి బయటికి పోతుంది. ఎదురొచ్చే మంట అక్కడే చల్లబడి చస్తుంది. దాని అవతల గొట్టం రెండు మీటర్లు దాటకూడదని ఆమె కాగితం మీద రాసి, కింద గీత కూడా గీసింది.

ఇవాళ గొట్టం నలభై మీటర్లుంది. క్యాంటీన్లోంచి వెళుతోంది. వంటావిడ దాని మీద పళ్లాలు ఆరబెడుతోంది.

ఫిట్టర్ తవిటినాయుడు టేపు చుట్టుకుంటూ వస్తాడు.

"మేనేజరు బాబు కిటికీలోకి వాసనొస్తందట మేడమ్మా. మూతి దూరంగా జరపమన్నాడు. జరిపితే, కిటికీ కూడా ఎనకాలే నడిసొచ్చేస్తంది."

"అరెస్టర్ మార్చారా?"

"పాతదే. ఏదైనా జల్లెడే గదా అన్నారు."

మంగవేణి గొట్టానికి చెవి ఆనిస్తుంది. లోపల మంట చెప్పులు బిగించుకుంటోంది.

"రెండు మీటర్లయితే నడిచేదాన్ని," అంటుంది మంట మర్యాదగా. "నలభై ఇచ్చారు, పరిగెడతాను. పరుగులో ఉన్నవాళ్లు గుమ్మం చూసుకోరు."

మేనేజరు తన కిటికీలో కూర్చునే వస్తాడు.

"మీ అరెస్టర్ ఉందిగా అమ్మా."

"అది నడిచే మంటకి సార్. పరిగెత్తేదానికి వేరే రకం ఉంటుంది. ఆరు వారాల్లో వస్తుంది. అందాకా ట్యాంకు ఆపండి."

"ట్యాంకు దేనికి, మంటనే ఆరు వారాలు ఆగమనండి."

ఆమె వెనక్కి తిరిగేసరికి తవిటినాయుడు ట్యాంకు మూతి మీద రెండు అరచేతులూ పరిచి నిలబడి ఉన్నాడు. చర్మం అరెస్టర్ రేకులా ముడతలు ముడతలుగా చుట్టుకుంది. మధ్యలో వెంట్రుకంత సందులు. ఆవిరి వాటిలోంచి పోతోంది.

"సరిపోయాయి," అంటాడు మేనేజరు, అతని మణికట్టుకి నంబరు బిళ్ల కడుతూ.

"నా సేతులు బాగోలేవా మేడమ్మా? ఇంటికాడ పాపని ఎత్తుకోవాలి," అంటాడు తవిటినాయుడు.

గొట్టం అవతలి చివర పరుగు మొదలవుతుంది. క్యాంటీన్లో పళ్లాల పక్కన షిఫ్టులో అందరి అరచేతులూ ఆరేసి ఉన్నాయి. ట్యాంకు ఊపిరి తీసినప్పుడల్లా అవి ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి.

ట్యాంకు ఆపండి. గొట్టం విప్పి రెండు మీటర్లకి తెండి. లేదంటే పరిగెత్తే మంటకి తగిన అరెస్టర్ బిగించాకే మళ్లీ తెరవండి. ఎవరి చేతులు వాళ్లకిచ్చి ఇంటికి పంపండి. ఇవాళే, ఈ షిఫ్టు మారకముందే.