కట్టెలు కొట్టిన రాజు

దుబాయ్‌లో కొడుకింట్లో ఉన్న విజిట్ వీసా ఇంకో వారంలో అయిపోతుందని శ్యామలాదేవి ఆ మధ్యాహ్నం నిల్వపచ్చడికి గోంగూర ఒలుస్తూ కూర్చుంది. ఆ ఆకు పరిస్తే అల్ నహ్దా నుంచి డేరా దాకా తివాచీ అయ్యేది. ఎదురుగా టీవీలో కొరియా రాజుల సీరియల్, తెలుగు మాటలతో. ఈ మూడు నెలల్లో ఆవిడ పదకొండుమంది రాజుల్ని సాగనంపి, పన్నెండోవాడి మీద కన్నేసి ఉంచింది.

కోడలు అక్షయకి అబుదాబి పక్కన ముసఫ్ఫాలోని ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఇన్‌చార్జి ఉద్యోగం వచ్చింది. గురువారంలోగా జవాబు చెప్పాలి. కంపెనీ బస్సు పొద్దున ఐదింటికి. ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు. అమ్మ వెళ్లిపోతోంది కదా, ఇక వంటెవరు చూస్తారు, వద్దని చెప్పేయ్ అన్నాడు కొడుకు భార్గవ్, మెత్తగానే, పెరుగు రెండోసారి వేసుకుంటూ. అక్షయ తల వంచుకుని సరేనంది. ఆ సరే శ్యామలాదేవికి బాగా తెలుసు. బియ్యెడ్ సీటు వచ్చిన ఏడాది తనూ అలాగే అంది. అప్పుడు అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి లేస్తూ, ఇక నీదేనమ్మా అని గరిటె చేతికిచ్చింది, దేశం రాసిచ్చినట్టు. ఇంటికి మహారాణివి నువ్వేనని భర్త మూర్తిగారు నలభై ఏళ్లుగా అంటూనే ఉన్నారు. చల్లారిన అన్నం తినే మహారాణి. ఆయన మంచివాడే, పాపం. ఇంట్లో మంచినీళ్లెక్కడ ఉంటాయో మాత్రం తెలీదు.

టీవీలో రాజు పోయాడు. కొడుకుల్లేరు. అలాంటప్పుడు కొరియాలో వారసుడెవరో చెప్పేది అంతఃపురంలో అందరికన్నా పెద్ద రాణి. రాజముద్ర ఆవిడ దగ్గరుంటుంది, మంత్రులు నుదురు నేలకానించి వినాల్సిందే. ఆ పెద్దరాణి ఎక్కడో దీవిలో కట్టెలు కొట్టుకునే కుర్రాణ్ణి, రాజుగారి దూరపు చుట్టాన్ని, పల్లకీ పంపి రప్పించింది. అతనికి రాచపద్ధతులేవీ తెలియవు. పల్లకీని చూసి తనను చంపడానికి వచ్చారనుకుని కొండెక్కి దాక్కున్నాడు. అతనే చొల్‌జోంగ్ అనే రాజయ్యాడు. పని తెలిసేదాకా ఆవిడ తెర వెనక కూర్చుని రాజ్యం నడిపించింది.

శ్యామలాదేవి చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది. ఈ ఇంట్లో అందరికన్నా పెద్దది ఎవరు? పొయ్యికి వారసురాలు కోడలేనని తనకి చెప్పిందెవరు? రాని పని అని కదూ ఇన్నాళ్లూ కొడుకుని వదిలేసింది. ఏమీ రానివాడు దేశాన్నే ఏలాడు.

సాయంత్రం భార్గవ్ ఆఫీసు నుంచి రాగానే గరిటె అతని చేతిలో పెట్టింది.

"నాకు రాదమ్మా."

"వారం ఉంది నాన్నా, నేర్పుతాను. అక్షయా, వస్తున్నానని రాసెయ్యి. ఇంక మాటల్లేవు, ఖలాస్."

భార్గవ్ ఎక్కడానికి కొండ కోసం చూశాడు గానీ అల్ నహ్దాలో కొండలు లేవు. అక్షయ అత్తగారి ముఖంలోకి చూసి, వేళాకోళం కాదని తేలాక ఫోన్ అందుకుంది.

మూడోనాడు పప్పు అడుగంటింది. ఐదోనాటికి చారు చారులాగే ఉంది. ఆ రోజే కాకినాడ నుంచి మూర్తిగారు వీడియో కాల్ చేసి, కొడుకు గరిటె పట్టాడని విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"అది సరే గానీ, ఇక్కడ మెస్ కూడు తినలేకపోతున్నాను శ్యామలా. తొందరగా వచ్చెయ్."

"శనివారం దిగుతున్నానండీ," అంది శ్యామలాదేవి. "మీ పట్టాభిషేకం ఆదివారం."