నేవీ వరుసలో ఖాళీ చోటు

వర్నా లస్క్ ఫోన్‌లో రెండు ఊళ్ల వాతావరణం కనిపిస్తుంది. ఒకటి ఆమె ఉంటున్న టానర్స్ ఫోర్క్‌ది. అపలాచియన్ కొండల మడతలో, బొగ్గు గనులు మూతబడ్డాక సగం ఇళ్లకు తాళాలు పడ్డ ఊరు అది. రెండోది అలాస్కాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరిది. ఆ ఊరు వర్నా ఎప్పుడూ చూడలేదు. అయినా పొద్దున్నే బడి వంటింటికి బయల్దేరే ముందు, అక్కడ గాలి ఎంత జోరుగా వీస్తోందో చూడకుండా గడప దాటదు. కూతురు పోయి ఒక వేసవి గడిచిపోయినా ఆ అలవాటు పోలేదు.

కూతురి పేరు టాబిథా. నర్సు. మామూలు ఆసుపత్రి నర్సు కాదు, ప్రజారోగ్య దళంలో ఆఫీసరు. ఆ దళం వాళ్లకు యూనిఫాం ఉంటుంది, సెల్యూట్ ఉంటుంది, పెట్టె సర్దుకుని ఫలానా చోటికి పొమ్మంటే పోవడం ఉంటుంది. తుపాకీ ఒక్కటే ఉండదు. టాబిథా అందులో చేరానని చెప్పిన రోజు, యూనిఫాం అన్న మాట చెవిన పడగానే వర్నాకు యుద్ధమే కళ్లముందు మెదిలింది. పొయ్యి మీద చిక్కుళ్లు అడుగంటుతున్నా కదల్లేకపోయింది. టాబిథా నవ్వి, "అమ్మా, మా మీద ఎవరూ తుపాకీ పేల్చరే. పిల్లలు సూదిని చూసి తంతారు, అంతే," అంది.

వర్నా భయం అంతటితో ఆగలేదు. కూతుర్ని తుఫాను వచ్చిన ఊరికి పంపితే ఇల్లు కూలి మీద పడుతుందని భయం. జ్వరాలు ప్రబలిన దేశానికి పంపితే ఆ జ్వరం దానికే పట్టుకుంటుందని భయం. టాబిథా ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ వర్నా నిద్రలో పళ్లు కొరికి, చివరికి ఒక దంతం విరగ్గొట్టుకుంది. టాబిథా మాత్రం ఎండకు చర్మం కమిలిందే తప్ప ఒంటికేమీ కాకుండా తిరిగొచ్చి, ఆ పన్ను సంగతి విని కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ ఆఫీసర్లకు ఒక సంఘం ఉంది. వాళ్ల తరఫున చట్టసభల్లో మాట్లాడుతుంది, నెలనెలా ఒక పత్రిక వేస్తుంది. తనకు స్థిరమైన చిరునామా ఉండదని టాబిథా ఆ పత్రికను అమ్మ ఇంటికే వచ్చేలా పెట్టింది. ఎవరికి పదోన్నతి వచ్చింది, ఏ బిల్లు ఎక్కడ ఆగింది, ఎవరు ఏ ఊళ్లో పనిచేస్తున్నారు అన్నవేవీ వర్నా చదివేది కాదు. పోస్టు డబ్బా దగ్గరే నిలబడి నేరుగా చివరి పేజీ తిప్పేది. చనిపోయిన ఆఫీసర్ల పేర్లు అక్కడ వేస్తారు. ముందు రోజు సాయంత్రమే కూతురితో మాట్లాడి ఉన్నా సరే, ఆ పేజీ పైనుంచి కిందదాకా చూసి, ఊపిరి వదిలి, అప్పుడు లోపలికి వచ్చేది.

ఏ జ్వరమూ, ఏ తుఫానూ టాబిథాను ఏమీ చేయలేదు. మార్చి నెలలో, అలాస్కాలో పనిచేస్తుండగా, రోడ్డు లేని ఒక పల్లెలో పసిపిల్లలకు టీకాలు వేయడానికి చిన్న విమానంలో బయల్దేరింది. అలా ఆమె ఎన్నోసార్లు వెళ్లింది. ఆ రోజు మంచు దట్టంగా కమ్మింది. విమానం ఆ పల్లెకు చేరలేదు. సముద్రంలో రెక్క ముక్క ఒకటి దొరికింది, టీకాల పెట్టె దొరికింది. మనుషులు దొరకలేదు. కొన్నాళ్లు వెతికి, ఇక లాభం లేదన్నారు.

చర్చిలో ప్రార్థన జరిగింది. ముందు వరుసలో శవపేటిక ఉండాల్సిన చోట ఫోటో పెట్టారు. ఆ తర్వాత అందరూ ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లారు. వర్నాకు మాత్రం వెళ్లడానికి ఒక చోటు లేకుండా పోయింది. ఊళ్లో మిగతా ఆడవాళ్లు ఆదివారం పూట సమాధుల దగ్గర గడ్డి పీకుతుంటారు, పువ్వులు మారుస్తుంటారు, రాతిని చేత్తో తుడుస్తుంటారు. తన బిడ్డ పేరున ఈ భూమ్మీద వేలు పెట్టి తడమడానికి ఒక అక్షరం లేదు.

అప్పుడే ఆమెకు కోర్టు ముందున్న రాయి గుర్తొచ్చింది. దేశసేవలో ప్రాణాలు పోయిన టానర్స్ ఫోర్క్ పిల్లల పేర్లన్నీ ఆ నల్లరాతి మీద ఉంటాయి. ఆర్మీ, నేవీ, మెరైన్లు, వైమానిక దళం, తీరరక్షక దళం, ఇలా వరుసలుగా. ఏటా నవంబరులో మాజీ సైనికుల పండక్కి ముందు రాయి చెక్కే మనిషి వస్తాడు. ఈసారి ఆ రాతిమీద టాబిథా పేరు చెక్కించాలి. వర్నాకు ఇక అదొక్కటే కోరిక.

ఆ రాయి సంగతి చూసేది మాజీ సైనికుల కమిటీ. దాని పెద్ద హోబర్ట్ క్లైన్. వియత్నాం రోజుల్లో ఓడ మీద పనిచేసినవాడు, ఇప్పుడు మోకాళ్లు పట్టేసి కర్ర లేనిదే నడవలేడు. వర్నా అడిగితే ఆయన మొహం చిన్నబోయింది. సాయుధ దళాల వాళ్లకే రాయి అని నియమం ఉందనీ, ఆ నియమం తాను పెట్టింది కాదనీ, రాష్ట్ర చట్టంలోనే అలా ఉందనీ నెమ్మదిగా చెప్పాడు.

దిక్కు తోచక వర్నా పత్రిక వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. వారం తిరగకుండా సంఘం తరఫున ఒకావిడ కారు నడుపుకుంటూ వచ్చింది. పేరు యూనిస్ ఫెల్డర్. ఆ దళంలో పళ్ల డాక్టరుగా చేసి, కెప్టెన్ హోదాలో రిటైరైన నల్లజాతి మనిషి. తెల్లటి పొట్టి జుట్టు, గట్టి గొంతు. వర్నా ఆమెకు బీన్సూ మొక్కజొన్న రొట్టే పెట్టింది. "కెప్టెనమ్మా, ఇంకొంచెం వేసుకోండి," అంటూనే మనసులో ఉన్నది ఆపుకోలేక అడిగేసింది. ఈ రాయి సంగతి అడగడానికి టాబిథాతో పనిచేసిన వాళ్లెవరూ ఎందుకు రాలేదు? అప్పుడే మర్చిపోయారా?

యూనిస్ చెంచా కింద పెట్టింది. "మర్చిపోలేదమ్మా. యూనిఫాంలో ఉన్నవాళ్లు తమకోసం చట్టం మార్చమని ఎవరినీ అడగకూడదు. అది మాలో కట్టడి. అందుకే సంఘం ఉంది. నాలాంటి ముసలివాళ్లూ, మీలాంటి అమ్మలూ వాళ్ల బదులు అడుగుతాం."

ఇన్నేళ్లూ పత్రికలో వర్నా తిప్పేసిన పేజీలన్నీ ఆ అడగడం గురించేనని ఆమెకు అప్పుడు తెలిసింది. చట్టంలో ఎక్కడ సాయుధ దళాలు అని రాసి ఉంటే అక్కడల్లా ఈ దళం వాళ్లు బయటే ఉండిపోతున్నారట. ఒక్కోచోట ఒక్కో మాట చేర్పించడానికి ఏళ్లు పడుతోందట.

కమిటీ కోర్టు వెనక గదిలో కూర్చుంది. కాఫీ, మాంసం ముక్కలు పెట్టి కాల్చిన పెప్పరోని రొట్టెలు పెట్టారు. యూనిస్ నిలబడి దళం గురించి చెప్పింది. ఎవరో మూల నుంచి, యూనిఫాం ఉంటే చాలంటే పోస్ట్‌మ్యాన్‌కి కూడా రాతిమీద ఒక వరుస పెట్టాలి కదా అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. యూనిస్ కూడా నవ్వింది.

"పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంటికి ఉత్తరాలు తెచ్చే ఆయన మంచివాడు. కాకపోతే ఆయన్ని రేపు తెల్లారేసరికి అంటురోగం ఉన్న ఊళ్లో ఉండమని ఎవరూ హుకుం వేయరు. వాళ్లమ్మ నిద్రలో పళ్లు విరగ్గొట్టుకోదు."

నవ్వు ఆగిపోయింది. అయినా నియమం నియమమే. చట్టంలో మాట మారితే తామే సంతోషంగా చెక్కిస్తామనీ, అంతవరకూ చేతులు కట్టేసి ఉన్నాయనీ అన్నారు. యూనిస్ కాగితాలు సర్దుకుంది. ఇలాంటి గదుల నుంచి లేచి రావడం ఆమెకు అలవాటే.

మర్నాడు సాయంత్రం హోబర్ట్ ఒక్కడే వర్నా ఇంటికి వచ్చాడు. మెట్లెక్కలేక వరండా కిందిమెట్టు మీదే కూర్చున్నాడు. వర్నా పక్కన కూర్చుంది. కాసేపు ఆకులు రాలడం గురించీ, చలి త్వరగా వచ్చేలా ఉండడం గురించీ మాట్లాడాడు. తర్వాత కర్ర కొసతో నేలమీద గీస్తూ అసలు సంగతి చెప్పాడు.

"నేవీ వరుసలో కింద చోటుంది వర్నా. ఆ పిల్ల టోపీ మీద లంగరు గుర్తు ఉండేది, నేను కళ్లారా చూశాను. ఆ వరుసలో పెట్టిస్తాను. కమిటీలో ఎవరూ నోరెత్తరు. ఈ ఊళ్లో అందరూ దాన్ని నేవీ పిల్లనే అనుకున్నారు, అనుకోనీ."

వర్నా ఆ క్షణంలోనే సరే అనేద్దామనుకుంది. వేలు పెట్టి తడమడానికి అక్షరాలు ఉంటాయి. ఆదివారాలు వెళ్లడానికి ఒక చోటు ఉంటుంది. ఎవరికి నష్టం? ఒక రాత్రి గడువిమ్మని అడిగింది. హోబర్ట్ ఆమె భుజం తట్టి, కర్ర ఊతంతో లేచి వెళ్లిపోయాడు.

ఆ టోపీని ఆయన చూసిన రోజు వర్నాకు బాగా గుర్తుంది. టాబిథా ఏదో పని మీద యూనిఫాంలోనే వచ్చి, అటునుంచటే అమ్మను హోటల్‌కి తీసుకెళ్లింది. హోబర్ట్ పక్క బల్ల నుంచి లేచొచ్చాడు. మన ఊరి నుంచి నేవీకి ఒక ఆడపిల్ల అంటూ పొంగిపోయి, ఆమె కోసం బ్లాక్‌బెర్రీ కేకు తెప్పించాడు. టాబిథా లేచి నిలబడి, లంగరు గుర్తు తమ దళానికీ ఉంటుందనీ, తాను నేవీ కాదనీ, నర్సుననీ, ప్రజారోగ్య దళమనీ మర్యాదగా చెప్పింది. అంతా ఒకటేలే తల్లీ, కూర్చుని తిను అన్నాడాయన. ఆమె తింది. ఆయన చూస్తున్నంతసేపూ నవ్వుమొహంతోనే ఉంది. తర్వాత కారులో తాళం తిప్పకుండా కాసేపు అలాగే కూర్చుంది.

"ఆ కేకు నాది కాదమ్మా," అంది. "ఎవరో కుర్రాడు ఓడమీద పోయి ఉంటాడు. ఈయన వాడి కోసం కొన్నాడు. నేను తినేశాను."

వర్నా అప్పుడు, అంత ఆలోచనెందుకు, ముసలాయన ముచ్చట తీరింది కదా అని కసిరింది. దారిపొడుగునా చూసి నడపమని సతాయించింది.

పొద్దున్న బడికి వెళ్లే దారిలో వర్నా కోర్టు దగ్గర ఆగింది. రాయి మంచుతో తడిసి ఉంది. నేవీ వరుసలో చివరి పేరు డెల్మర్ హేగర్. ఆ పేరును ఆమె ఎన్నోసార్లు చూసింది కానీ ఎప్పుడూ చదవలేదు. దాని కింద ఖాళీ ఉంది, నున్నగా, ఒక పేరు పట్టేంత. ఆమె చేతి తొడుగు తీసి ఆ ఖాళీ మీద వేలు పెట్టింది. రాయి చల్లదనానికి వేలు మొద్దుబారే దాకా తీయలేదు.

హోబర్ట్ హోటల్‌లో గుడ్లు తింటున్నాడు. వర్నా ఎదురుగా కూర్చుని, డెల్మర్ హేగర్ ఎవరని అడిగింది. ఆయన ఫోర్కు కింద పెట్టి, ఓడలో తన పైమంచం మీద పడుకునేవాడని చెప్పాడు.

"హోబర్ట్, మా పిల్ల పేరు అక్కడ వద్దు," అంది వర్నా. "అది మీ డెల్మర్ లాంటి ఓడవాళ్ల కోసం ఉంచిన పక్క. అందులో పడుకోబెడితే టాబిథా ఒప్పుకోదు. ఆ రోజు కేకుకే ఒప్పుకోలేదు."

ఆయనకు కేకు సంగతి అర్థం కాలేదు. కానీ డెల్మర్ సంగతి అర్థమైంది. బల్ల మీద ఉన్న ఆమె చేతిని తన చేత్తో కప్పాడు. వంటింట్లోంచి ఎవరో ఆర్డరు కేకేశారు. వర్నా లేచి పనికి వెళ్లిపోయింది. ఆ రోజు బడిపిల్లలకు వడ్డించిన సూప్‌లో ఉప్పు వేయడం మర్చిపోయింది.

నవంబరు పండుగ నాడు రాయి ముందు బాకా ఊదారు. ఆ ఏడు కొత్త పేరేదీ చెక్కలేదు. జనం వెళ్లిపోయాక కూడా వర్నా నిలబడే ఉంది. ఏ వరుస ముందు నిలబడాలో తెలియక, రాతికి కాస్త దూరంగా, గడ్డిలో నిలబడింది.

ఆ నెల పత్రిక వచ్చింది. చివరి పేజీలో టాబిథా పేరు వచ్చి చాలాకాలమైంది, ఇప్పుడక్కడ వేరే పేర్లున్నాయి. ఈసారి వర్నా మొదటి పేజీ నుంచి చదివింది. కొన్ని మాటలు అర్థం కాకపోతే యూనిస్‌కి ఫోన్ చేసి అడిగింది.

శీతాకాలంలో రాష్ట్ర సభ కూర్చుంది. చట్టంలో ఆ మాట మార్చమని అడగడానికి యూనిస్ వచ్చి ఆమెను రాజధానికి తీసుకెళ్లింది. మంచులో దారిపొడుగునా వర్నా కారు తలుపు మీది పిడి వదల్లేదు, నెమ్మదిగా పోనివ్వండి కెప్టెనమ్మా అని ప్రతి మలుపులోనూ అంది. ఒక సభ్యుడి గది బయట బల్ల మీద ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. వర్నా ఒళ్లో ఫోటో ఉంది. చివరికి సభ్యుడి కార్యదర్శి, బట్టతల పెద్దమనిషి ఒకాయన బయటికొచ్చాడు. ఫోటో చూసి ఆయన మొహం మెత్తబడింది. వంగి, మీ అమ్మాయి నేవీనా అండీ అని అడిగాడు.

ఒకప్పుడైతే వర్నా తలూపి ఊరుకునేది. ఇప్పుడు కాస్త జరిగి, బల్లమీద ఆయనకు చోటిచ్చింది.

"కాదండీ, నర్సు. ఆఫీసరు. కూర్చోండి, చెప్తాను."

ఆయన కూర్చున్నాడు. ఆమె చెప్పింది. దళం పేరూ, జ్వరాల ఊరూ, విరిగిన పన్నూ, విమానం, మంచు, సముద్రంలో తేలిన టీకాల పెట్టె. ఎక్కడా గొంతు పెంచలేదు. ఆయన వింటూ వింటూ ఫోటోను చేతిలోకి తీసుకున్నాడు.

"అయ్యో పాపం," అన్నాడు. "ఎక్కడ పడుకోబెట్టారమ్మా బిడ్డని?"

యూనిస్ కిటికీ వైపు తిరిగింది. వర్నా ఆయన చేతిలోంచి ఫోటో నెమ్మదిగా తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, కోటు చేతి అంచుతో అద్దాన్ని ఒకసారి తుడిచింది.

"అదే అడగడానికొచ్చామండీ," అంది.