తేటనీళ్ళు

"మళ్ళీ ఎక్కువ వేశావు" అన్నాడు భర్త, ఫోనులోంచి తలెత్తకుండానే.

ఆమె చేపల తొట్టిలో వేసింది సగమే. గడ్డకట్టిన సన్నరొయ్యల ముక్క కరిగించిన నీళ్ళు ఇంకా గిన్నెలోనే ఉన్నాయి. కూరలో ఉప్పుకీ, అక్కతో ఫోను మాటలకీ, అక్వేరియంలో చేపల తిండికీ ఆయన దగ్గర ఒకటే మాట: ఎక్కువ.

ఎప్పుడో ఒకసారి తొట్టి అద్దానికి నాచు పట్టింది. అప్పట్నుంచీ ఆ ఉప్పునీటి తొట్టికి తిండి సగమైంది. నీళ్ళలో మలినం పీల్చేసే తుప్పురంగు గుళికల సంచి ఫిల్టరులో చేరింది. సెలవు రోజున ఆయన గాజుగొట్టంలో నీళ్ళు తీసి, మలినం ఉంటే రంగు మారే మందు చుక్కలు వేస్తాడు. రంగు మారకపోతే చిన్నపిల్లాడిలా గంతేస్తాడు. "సున్నా! అద్దంలా ఉన్నాయి నీళ్ళు!"

అద్దంలాంటి ఆ నీళ్ళలో, చేపలతోపాటు పెంచుతున్న బతికున్న పగడాలు ఒక్కొక్కటే తెల్లగా పాలిపోతున్నాయి. గోరంత ముక్కగా బండకి అతికించి ఆమె పెంచుకున్న గులాబీరంగుది కూడా. "నీ చేతి మురికే" అన్నాడాయన. ఆమె మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. అయినా పాలిపోయాయి.

ఒక్కటి తప్ప. నారింజ చేప పడుకునే బొరియ కింద, మూలనున్న పిడికెడు పగడం నిండురంగుతో ఉంది. బట్టలు మడతపెడుతూ అటే చూస్తుంటే, చేప రెట్ట సన్నటి దారంలా జారి దాని మీద వాలింది. పగడం చిన్ని చిన్ని నోళ్ళు మెల్లగా తెరిచింది.

"ఏమండీ, వీటిది మురికి కాదు, ఆకలి. చేపలు తినగా మిగిలిందీ, విసర్జించిందీ వీటి తిండి. మనం ఏదీ మిగలనివ్వట్లేదు."

ఆయన పగలబడి నవ్వాడు. "అమ్మా, విన్నావా? నీ కోడలు కాలేజీ పాఠం మొదలెట్టింది!"

"ఆకలి సంగతి దానికేం తెలుసురా?" అంది అత్తగారు. "వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా, ఆకలే ఎరగదు నా కోడలు."

మురిపెంగానే అంది. బియ్యం కొలిచి ఇచ్చేది అత్తగారే. "మిగిలితే పారబొయ్యాలమ్మా, సరిపడా వండు." ఎవరికి సరిపడా? అందరూ లేచాక ఆమె గిన్నె అంచులు గరిటెతో గీకి, నిలబడే తినేది. ఈమధ్య గీకడానికీ ఉండట్లేదు. సింకు దగ్గర కళ్ళు బైర్లు కమ్మితే పంపు పట్టుకుని నిలదొక్కుకునేది. దువ్వెన నిండా జుట్టు. ఇంటికొచ్చిన వాళ్ళు మాత్రం, మీ వంటింట్లో ఒక్క మెతుకు కూడా వృథా కాదు కదా అని మెచ్చుకునేవారు.

మర్నాడు పొద్దున స్నానానికి వెళ్తూ ఆయన కేకేశాడు: "ఇంకో సంచి వెయ్యి. ఇంకా శుభ్రపడాలి."

ఆమె తొట్టి ముందు నిలబడింది. గులాబీ పగడం కొసన చర్మం ఊడి, లోపలి ఎముకలాంటి సున్నపు గూడు బయటపడింది. ఆలస్యమైపోయిందేమో. దానికీ, తనకీ. ఇంకోటి వెయ్యకపోగా, ఫిల్టరులో ఉన్న సంచి కూడా లాగి చెత్తబుట్టలో పడేసింది. కరిగించిన రొయ్యల గిన్నె మొత్తం తొట్టిలోకి వొంపేసింది. నీళ్ళు మసకబారాయి.

వంటింట్లోకి వెళ్ళి అన్నం గిన్నె దించింది. కంచం పెట్టుకుని, బల్ల దగ్గర ఆయన కుర్చీలోనే కూర్చుంది. మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"అదేంటమ్మా, ఇంకా ఎవ్వరం తినందే!" అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆమె ఇంకో గరిటె నిండుగా వడ్డించుకుంది.

"మిగిలింది మీరు తిందురుగాని, అత్తయ్యా."