సందులోకొచ్చిన అడవి దారి

చైతన్యపురిలో బ్రహ్మం ఇంటికి రెండు నల్లాలు. ముందు వాకిట్లో ఉన్నది మొగవాళ్ల మొహాలకూ స్కూటర్ కడగడానికీ. వెనకది అంట్లకూ బట్టలకూ. ఈ పంపకం ఎవరు చేశారో ఎవరికీ తెలియదు గానీ, పెళ్లయి వచ్చినప్పటి నుంచీ పదహారేళ్లుగా వెనక నల్లా మాత్రం అతని భార్య వాసంతిదే. వంటింటి తలుపు తీస్తే ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య సన్నటి సందు. ఎనిమిది అడుగులు వేస్తే బట్టలుతికే బండ, దాని పక్కనే నల్లా. రోజుకు ఎన్నిసార్లు తిరిగేదో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

బ్రహ్మంది పోచంపల్లి పక్క ఊరు, మగ్గాల ఇల్లు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద చేనేత చీరల దుకాణం పెట్టిన కొత్తలో, ఇది నిలబడితే పన్నెండేళ్లు వరసగా శివరాత్రికి శ్రీశైలం నడిచొస్తానని మొక్కుకున్నాడు. దుకాణం నిలబడింది. మధ్యలో ఒక్క ఏడు తప్పినా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి, మొక్కు కట్టుబాటు అది. పదకొండేళ్లూ తప్పలేదు. ఎల్బీనగర్‌లో మిషన్ కుట్టే జానయ్య ముందు నడిస్తే తొమ్మిది మంది మొగవాళ్లు ఆయన వెనక నడిచేవారు. మన్ననూరు చెక్‌పోస్టు దాకా తారు రోడ్డు. అక్కణ్ణుంచి నల్లమలలో రెండు రోజుల కాలిబాట, దోమలపెంట దగ్గర బయటికొస్తుంది.

ఏటా మూటలు కట్టేది వాసంతి. అటుకులు, పల్లీలు, దూది, కొబ్బరినూనె. కడుతున్నంతసేపూ తనూ పోవాలనే ఉండేది. పుట్టింట్లో ఉన్నప్పుడు నూలు తేవడానికి ఊళ్లకు ఊళ్లు నడిచిన మనిషి. మూడుసార్లు అడిగింది. మొదటిసారి పిల్లలు చిన్నవాళ్లన్నారు. రెండోసారి దుకాణం ఎవరు చూస్తారన్నారు. మూడోసారి ఇంట్లో చాయ్ తాగుతున్న జానయ్య, కప్పులోంచి తల ఎత్తకుండానే తేల్చేశాడు.

"అడవిల ఆడోళ్లతోని కాదు బిడ్డా."

ఆ తర్వాత ఆమె అడగలేదు. కోరిక మాత్రం ఎక్కడికీ పోలేదు.

పదకొండో నడక అయిన ఏడు, రెండువేల పదమూడు ఎండాకాలంలో, నల్లమలలో నిప్పు లేచింది. ఎనిమిది రోజులు మండింది. ఆరిన తర్వాత అదే వంకన రోడ్డు వెడల్పు పని కూడా పెట్టుకున్నారు. రెండూ కలిపి, మళ్లీ చెప్పేదాకా కాలిబాట బంద్ అని చెక్‌పోస్టులో కాగితం అంటించారు. ఆ కబురు జానయ్య మోసుకొచ్చేసరికి బ్రహ్మం దుకాణం ముందు మెట్రో వాళ్లు రేకులు పాతుతున్నారు. గిరాకీ రావాలంటే పక్క గల్లీలోంచి చుట్టూ తిరిగి రావాలి.

"అటు అడవి మూసిండ్రు, ఇటు రోడ్డు మూసిండ్రు. ఇగ నేను యాడ నడవాలె?" అన్నాడు బ్రహ్మం. ఆ రాత్రి అన్నం సగంలోనే లేచాడు. పన్నెండో ఏడు తప్పితే పదకొండేళ్ల నడక బూడిదలో కలిసినట్టే.

మూసేసిన దారి మాత్రం ఏం చేస్తుంది? అదీ ఎక్కడో ఓ చోట తల దాచుకోవాలి కదా. తెలిసినవాళ్ల ఇంటికి వస్తుంది. మూడోనాడు మంగళవారం పొద్దున వాసంతి అంట్ల గంప పట్టుకుని వంటింటి తలుపు తీసేసరికి సందులో ఎర్రమట్టి ఉంది. అటూ ఇటూ కాలిన వెదుర్లు, మట్టి మీద ఎండుటాకులు, పొగ వాసన. అంట్లు తోమక తప్పదు కాబట్టి ఆమె అడుగు వేసింది. నల్లా చేరడానికి పావుగంట పట్టింది. తోముకుని తిరిగొచ్చేసరికి పొయ్యి మీద అన్నం మాడింది.

బ్రహ్మం వచ్చి గడపలో నిలబడి చూశాడు. పదకొండేళ్లు తొక్కిన దారిని గుర్తుపట్టలేకపోతాడా. రెండు చేతులూ జోడించాడు.

"పాపం, కాలిపోయి వచ్చింది. తెరిచేదాక ఉండనియ్యి" అని చెప్పి, దుకాణానికి చుట్టూ తిరిగి పోవాలని తొందరగా బయల్దేరాడు.

మేడ మీద అద్దెకుండే వేదవతిది భీమవరం వైపు. భర్త త్రినాథరావు కోచింగ్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. ఆమె బాల్కనీలోంచి వంగి చూసి, కాలిన వాసనొస్తోంది కిటికీ వేసుకోనా అని అడిగింది. తీగ మీంచి తన చీర జారి పడితే కాస్త చూసి తెచ్చిపెట్టమని కూడా చెప్పింది.

ఆదివారం నాడు జానయ్యా ఆ తొమ్మిది మందీ కూడారు. దారి ఇంటికే వచ్చింది కదా, శివరాత్రికి ఇక్కడే నడిచేద్దామా అన్నది చర్చ. వంటింటి గడప దగ్గర నిలబడి చాలాసేపు వాదించుకున్నారు. చివరికి జానయ్య, ఇంట్లో తొక్కితే మొక్కులో పడదు, లెక్క చెడుతుంది, ఎవ్వరూ కాలు పెట్టొద్దు అన్నాడు. అందరికీ సబబే అనిపించింది. చాయ్ తాగి వెళ్లిపోయారు. ఆ గ్లాసులు తీసుకుని వాసంతి సందులోకి పోయింది. ఆమె కాలు పెట్టొచ్చా లేదా అన్నది వాళ్లెవరికీ తట్టలేదు.

రెండు రోజుల దారి ఒక్కసారే ఆ సందులో పట్టదు కదా. చీరలా మడతలు పడి సర్దుకుంది. రోజుకో మడత పైకొచ్చేది. ఒకనాడు గులకరాళ్ల దిగుడు, ఒకనాడు ఎండిన వాగు, ఒకనాడు నెమళ్లు తిరిగే గడ్డిమైదానం. బకెట్ ఎంత బరువున్నా, ఏ మడతలో నడిచినా చివరన నల్లా ఉండేది. మొదట్లో పని ఆలస్యమవుతోందని విసుక్కుంది గానీ, నెల తిరిగేసరికి ఉతకడానికి బట్టలు వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతికింది. పిల్లలిద్దరూ, శ్రవణ్‌కుమారూ అరుణశ్రీ, మా అమ్మకు శుభ్రం ఎక్కువైందని నవ్వుకునేవారు. వేదవతికి అసలు సంగతి తెలుసు. కుక్కర్ పెట్టి వెళ్తే మూడో కూతకు కిందికొచ్చి ఆపేసేది.

జూలైలో రాష్ట్రం ఇస్తామన్నారు. చౌరస్తాలో టపాసులు కాల్చారు. మేడ మీద టీవీ గొంతు పెరిగింది. బ్రహ్మం, త్రినాథరావు మెట్ల దగ్గర ఏదో మాట మీద మాట అనుకుని ఎనిమిది రోజులు పలకరించుకోలేదు. ఆ ఎనిమిది రోజులూ బంద్‌లే. కూరగాయలు దొరకలేదు. వేదవతి కింది ఇంటికి పప్పు పంపింది, వాసంతి పైకి జొన్నరొట్టెలు పంపింది. మొగవాళ్లు రెండూ తిని, రెండు వైపులా మౌనం పాటించారు.

వానలకు కాలిన చోట పచ్చిక లేచింది. నవంబరులో ఒకనాడు పైకొచ్చిన మడత చూసి వాసంతి ఆగిపోయింది. దారి నడుమ తాటిచెట్టంత లోతు గొయ్యి. పక్కన కంకర కుప్పలు, జేసీబీ పళ్ల గుర్తులు. రోడ్డు పనివాళ్లు కాలిబాటను అడ్డంగా కోసేశారు. మూడు రోజులు అదే మడత సందులో ఉంది, ఎటు పోవాలో దానికీ తెలియలేదు. నాలుగోనాడు మెల్లగా కుడివైపు తిరిగింది. ఒక చీమల పుట్ట వెనకనుంచి, పలకరాళ్ల మీదుగా ఇసుక వాగులోకి దిగి, అవతల పాత బాటను కలుసుకుంది. వాసంతి దాని వెంటే నడిచింది.

వాగులో నేరేడు చెట్టు మొదట్లో ఒక చెంచు ముసలమ్మ చేత్తో చెలిమ తవ్వుతోంది. మోచేతి లోతున నీళ్లూరాయి. వాసంతికి దోసెడు పోసి, ఎటు పోతున్నావని అడిగింది. అంట్లు తోమడానికని చెప్పింది వాసంతి. ముసలమ్మ తలూపింది.

"మంటకు గుర్తులన్నీ పోయినయ్. చెట్లకు కట్టిన ఎర్రగుడ్డలు కూడా పోయినయ్. ఈ నేరేడును మరవకు" అంది.

వాసంతి మరవలేదు. ఆ మడత మళ్లీ వచ్చినప్పుడల్లా నేరేడును తాకి వచ్చేది. ఆ నెలల్లో ఆమె సంతోషంగా ఉంది. ఎవరికీ చెప్పుకోవలసినంత సంతోషం కాదు గానీ, బకెట్ పట్టుకున్నప్పుడల్లా కలిగేది.

రెండువేల పద్నాలుగు ఫిబ్రవరి మొదట్లో ఒక పొద్దున తలుపు తీస్తే సందులో సిమెంటు నేల ఉంది. ఎనిమిది అడుగులు వేసింది, నల్లా వచ్చేసింది. అక్కడే బండ మీద కూర్చుని ఏడ్చింది. ఇంట్లో మనిషి చెప్పకుండా వెళ్లిపోయినట్టు అనిపించింది. మధ్యాహ్నం జానయ్య ఫోన్ చేశాడు, శివరాత్రికి అడవి బాట తెరిచారని. బ్రహ్మం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పద్దెనిమిదో తారీకున జానయ్య వెనక తొమ్మిది మందీ బయల్దేరారు. మూటలు ఎప్పట్లాగే వాసంతే కట్టింది.

వాళ్లు రోడ్డు మీద ఉండగానే ఢిల్లీలో బిల్లు పాసయ్యింది. దిల్‌సుఖ్‌నగర్ అంతా గులాబీ రంగు చల్లుకున్నారు. మేడ మీద టీవీ కట్టేసి ఉంది. త్రినాథరావు సరిగా తినడం లేదని వేదవతి చెప్పింది.

ఇరవై రెండో తారీకు మధ్యాహ్నం మన్ననూరు నుంచి బ్రహ్మం ఫోన్ చేశాడు. గొంతు నీరుగారిపోయి ఉంది. కొత్త బాట తెలిసిన మనిషి ముందుంటేనే లోపలికి వదులుతారట. ముందురోజు పోయిన రెండు గుంపులు గొయ్యి దగ్గర తప్పిపోతే ఫారెస్టువాళ్లు వెతికి వెనక్కి తెచ్చారట. జానయ్యకు తెలిసిన బాట నేరుగా ఆ గొయ్యిలోకే పోతుంది.

"నువ్వు సందుల తిరిగినవు గదా. గొయ్యి కాడ ఎటు మలగాలె? జర యాద్ చేసుకో."

"కుడి దిక్కు. పుట్ట ఎనకనుంచి."

అటువైపు ఎవరినో అడిగినట్టున్నాడు. కాసేపాగి, అక్కడ నాలుగు పుట్టలున్నాయట, ఏది అన్నాడు.

ఏ పుట్టో వాసంతికి తెలుసు. దాని మీద మొలిచిన తంగేడు కొమ్మ దాకా తెలుసు. చెప్పేస్తే వాళ్లు పోతారు, ఆయన మొక్కు తీరుతుంది, తను బండ దగ్గర ఉంటుంది. చెవికి ఆనించిన ఫోన్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఫోన్ల చెప్తే తెల్వది. వచ్చి చూపిస్త" అంది.

అటు ఫోన్ చేతులు మారింది. జానయ్య దగ్గు వినిపించింది.

"బిడ్డా," అని ఆగాడు. "పొద్దుగాల బస్సుకు రా."

వేదవతికి విషయం చెప్పడం పూర్తయ్యేలోపే ఆమె సంచీ దులిపి తెచ్చింది.

"నువ్వెళ్లు. పిల్లలు పైన తింటారు. మీ అబ్బాయికి లెక్కలు చెప్తూ కూర్చుంటే మా ఆయనకీ కాస్త మనసు కుదుటపడుతుంది" అంది. దేవుడి దగ్గర తమ పేరు కూడా చెప్పమంది.

మర్నాడు చెక్‌పోస్టులో గార్డు పుస్తకం తెరిచి, ముందు నడిచేది ఎవరని అడిగాడు. తొమ్మిది మందీ జానయ్య వైపు చూశారు. పదకొండేళ్లుగా ఆ గడిలో ఆయన పేరే ఉండేది. జానయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"వాసంతి అని రాయి" అన్నాడు.

ఆమె ముందు నడిచింది. నీళ్ల బకెట్ లేని చేతులు తేలిగ్గా ఉన్నాయి. మొగవాళ్లు వెనక ఆయాసపడుతూ, కొంచెం నిదానమని రెండుసార్లు అడిగారు. గొయ్యి దగ్గర ఆమె ఆగను కూడా లేదు, మూడో పుట్ట వెనక్కి తిరిగింది. ఎండ మండే వేళకు వాగులోకి దించి, నేరేడు మొదట్లో తవ్వి చూపించింది. జానయ్య దోసిలి పట్టాడు. తాగి, రెండోసారి కూడా పట్టాడు. నడిచినంతసేపూ వాసంతికి పుట్టింట్లో తిరుగుతున్నట్టే ఉంది. రెండోనాడు పొద్దు వాలకముందే దోమలపెంట దగ్గర రోడ్డెక్కించింది.

శివరాత్రి దర్శనం చేసుకుని అందరూ అరుగు మీద కూలబడ్డారు. బ్రహ్మం పాదాలు ఒళ్లోకి తీసుకుని బొబ్బలు చూసుకుంటున్నాడు, మొహం వెలిగిపోతోంది.

"పన్నెండు నిండినయి. ఇగ ఈ కాళ్లకు సెలవు" అన్నాడు.

"నీకు పన్నెండు. నాకు గిది ఒకటి" అంది వాసంతి.

బ్రహ్మం బొబ్బ మీద నుంచి తల ఎత్తాడు. అతను నోరు తెరిచేలోపే పక్కనుంచి జానయ్య ఆమె వైపు జరిగి, వచ్చే ఏడు ఎన్నడు బయల్దేరదామని అడిగాడు.

"వానలు పడ్డంక అడవిని చూసి చెప్తా మామా" అంది వాసంతి.

సరే బిడ్డా అన్నాడు జానయ్య. బ్రహ్మం తన వయసుకు ఆమెకింకా మిగిలిన పదకొండేళ్లు కలుపుకుని చూసి, కొబ్బరినూనె సీసా ఎవరి దగ్గరుందని అడిగాడు.